మరకల బాబాయి అమ్మిన గుడ్లు

మా పిన్ని జీవితంలో సగం బస్సు కండక్టరుగానే గడిచింది. ఉద్యోగం అయిపోయాక బస్సు దిగింది గానీ కండక్టరుతనం మాత్రం దిగలేదు. పెరట్లో కోళ్ళు పెంచి, ఇంటి వాడకానికి పోగా మిగిలిన గుడ్లు వీధిలోవాళ్ళకు అమ్మేటప్పుడు చూడాలి ఆవిడ దర్జా. గేటు దగ్గర ఇద్దరు చేరితే చాలు, "తోసుకోకండి, ఒకరి తర్వాత ఒకరు" అంటుంది. పెద్ద నోటు తీస్తే "పొద్దున్నే చిల్లర లేకుండా ఎలా వస్తారండీ?" అని కసురుతుంది. డజను కావాలంటే "వెనకవాళ్ళు తినొద్దా?" అని ఆరు చేతిలో పెట్టి పంపిస్తుంది. ఇన్ని మాటలు పడి కూడా జనం ఆవిడ దగ్గరికే వస్తారు. ఆ గుడ్ల రుచి అలాంటిది. వీధంతా ఆవిడను కండక్టరమ్మ అంటుంది.

బాబాయిది వేరే లోకం. ముందుగదిలో ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా మడత పెట్టిన బట్టల దొంతరలు, కిటికీలో రకరకాల సీసాలు. సిరా, నూనె, తుప్పు, ఏ మరకకు ఏ మందో ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మరక కనిపించిందంటే ఇక ఆయన చెయ్యి ఊరుకోదు. ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే ఎదుటివాడి జేబు మీది చుక్క కేసి చూస్తూనే తింటాడు. అందుకే ఆయన పేరు మరకల బాబాయి. పైగా ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఒక్కో చొక్కాతో పాటు ఒక్కో వార్త వీధిలోకి పంపిస్తాడు.

అందుకనే పిన్ని ఆయన్ని గుడ్ల దరిదాపులకు రానివ్వదు. "మీరు అమ్మితే డబ్బులు తీసుకోవడం మర్చిపోతారు, మాట్లాడ్డం మాత్రం మర్చిపోరు" అంటుంది. ఆయన నవ్వేసేవాడు. ఆ నవ్వులో ఆయన చిన్నబోవడం నాకు కనిపించేది. నేను పిన్నికి అక్క కూతుర్ని. ల్యాబులో ఉద్యోగం దొరికినప్పటి నుంచి వాళ్ళింట్లోనే ఉంటున్నాను.

ఆ ఏడు మా కోళ్ళన్నీ ఒక్కసారే ముసలివయ్యాయి. గుడ్లు తగ్గిపోయాయి. "ఇవాళ లేవండీ" అని జనాన్ని తిప్పి పంపేటప్పుడు పిన్ని గొంతు చచ్చిపోయేది. కొత్త పెట్టలు తయారైతే తప్ప ఆ గేటు దగ్గర ఇక సందడి ఉండదు. సందడి లేని మా పిన్నిని నేను ఊహించుకోలేను. అప్పటికే రెండుసార్లు గుడ్లు పొదగేసింది. మొదటిసారి అన్నీ మురిగిపోయాయి. రెండోసారి పందికొక్కు ఎత్తుకుపోయింది. రెండుసార్లూ ఆ వార్త బాబాయి ఇస్త్రీ చొక్కాలతో ఇంటింటికీ వెళ్ళింది. "మీ కోడిపిల్లల బస్సు ఎక్కడ ఆగిపోయింది కండక్టరమ్మా?" అని వీధి వీధంతా వేళాకోళం. పిన్నికి మనసు చివుక్కుమంది.

మూడోసారి ఎవరికీ చెప్పలేదు. బాబాయికి అసలే చెప్పలేదు. పాత సామాన్ల కొట్లో ఒక మూల గంపలో గడ్డి పరిచి, పన్నెండు గుడ్లు పేర్చి, నల్లపెట్టను కూర్చోబెట్టాం. వేరే కోళ్ళు వచ్చి అందులో గుడ్డు పెట్టిపోతే తెలియాలని ఒక్కో గుడ్డు చుట్టూ బొగ్గుతో గీత గీసింది. మధ్యలో ఒకసారి గుడ్డును టార్చి వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తే లోపల నల్లగా ఏదో కదిలింది. పిన్ని నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు.

ఇక రేపో ఎల్లుండో పిల్లలు బయటికొస్తాయనగా ఆదివారం వచ్చింది. దాణా తేవడానికి ఇద్దరం బజారుకు వెళ్ళాం. తిరిగొచ్చి గేటు తీస్తుంటేనే పెరట్లోంచి నల్లపెట్ట గోల వినిపించింది. మూట అక్కడే పడేసి పరిగెత్తాం. మేత తిని వచ్చిన పెట్ట ఖాళీ గంప చుట్టూ తిరుగుతూ అరుస్తోంది. గంపలో గడ్డి తప్ప ఏమీ లేదు.

అప్పుడే బాబాయి వచ్చాడు. ముఖం చాటంత అయింది. చేతిలో నోట్లు విసనకర్రలా పట్టుకున్నాడు.

"గుడ్లు లేవని అందర్నీ తిప్పి పంపేస్తున్నావు, కొట్లో గంపెడున్నాయి కదే! చూసుకోలేదా? అన్నిటికీ బొగ్గు మరకలు. శుభ్రంగా తుడిచి, తెల్లగా చేసి, మొత్తం అమ్మేశాను. డబ్బులు కూడా తీసుకున్నాను, ఇదిగో!"

పిన్ని ఆ నోట్ల వైపు చూసింది.

"ఏవండీ... అవి పొదగేసిన గుడ్లండీ."

నోట్లు పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి వాలింది. "నాకు చెప్పలేదే" అన్నాడు బాబాయి. పిన్ని అప్పటికే గుమ్మం వైపు తిరిగింది.

"ఎవరెవరికి అమ్మారు?"

"దర్జీకి మూడు, కేకులావిడకి ఆరు, నర్సమ్మకి మూడు."

"వేడి ఆరిపోకముందే తేవాలే! గంప పట్టుకో!" అని నా మీద అరిచి, చెప్పులైనా వేసుకోకుండా పిన్ని వీధిలోకి ఉరికింది.

దర్జీ ఇల్లు మాకు రెండిళ్ళ అవతల. పిన్ని ఎవరినీ అడగలేదు, పిలవలేదు, సరాసరి వంటింట్లోకి దూరింది. వెనకే నేను. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో నీళ్ళు, నీళ్ళలో మూడు గుడ్లు, కింద మంట! పిన్ని గిన్నెలో చెయ్యి పెట్టేసింది.

"గోరువెచ్చగానే ఉన్నాయి! ఇప్పుడే పెట్టినట్టున్నారు!"

మెడలో టేపుతో దర్జీ గుమ్మంలో నిలబడ్డాడు. "పిన్నీ, మా వంటింట్లో నీకేం పని?"

"వీటిలో పిల్లలున్నాయిరా!"

దర్జీ గిన్నె వైపు చూశాడు, పిన్ని వైపు చూశాడు, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. "పొద్దుట్నుంచీ నాకెందుకో గుడ్డు తినబుద్ధి కాలేదు పిన్నీ" అన్నాడు. అబద్ధం. పళ్ళెం, ఉప్పు అన్నీ సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు.

గుడ్లు తుడిచి గంపలో పెడుతుంటే బాబాయి రొప్పుతూ వచ్చాడు. భుజం నిండా బట్టలు. "ఇవి కప్పండి! ఇస్త్రీ పెట్టె కింద నుంచి తీసినవి తీసినట్టు తెచ్చాను, ఇంకా వేడిగా ఉన్నాయి!" నిజంగానే కాలిపోతున్నాయి. పిన్ని వాటిని దులిపి, చేత్తో చూసి, సరిపడా వేడి ఉన్నవాటితో గుడ్లు చుట్టింది.

"అది నా ప్యాంటు!" అన్నాడు దర్జీ.

"తర్వాత!" అన్నాం ముగ్గురం.

కేకులావిడ ఇల్లు రోడ్డుకు అవతల. ఇంట్లోనే కేకులు చేసి ఆర్డర్ల మీద అమ్ముతుంది. వంటింటి కిటికీ రోడ్డు మీదికే తెరిచి ఉంది. లోపల మిక్సీ హోరు. కిటికీలోంచి ఆవిడ స్పష్టంగా కనిపిస్తోంది. ఎడమ చేతి కింద గిన్నె, కుడి చేతిలో గుడ్డు. గుడ్డును గిన్నె అంచు మీదికి ఎత్తింది. మాకూ ఆవిడకూ మధ్య రోడ్డుంది, గడియ వేసిన గేటుంది. పరిగెత్తితే అందదు. పిన్ని రోడ్డు మధ్యలో ఆగి గుండెల నిండా గాలి పీల్చింది.

"హోల్డాన్!"

ఎన్ని బస్సుల్ని ఆపిన గొంతు అది! వెనకొస్తున్న ఆటో కీచుమని ఆగింది. సైకిలు తొక్కుతున్నవాడు కాలు కింద పెట్టేశాడు. దర్జీ ఇంట్లో కుట్టుమిషన్ల చప్పుడు కూడా ఆగిపోయింది. కేకులావిడ గుడ్డును గాల్లోనే పట్టుకుని రాయిలా నిలబడిపోయింది. నేను గేటు దూకాను. గేటు దూకడం నా జన్మలో అదే మొదలు.

"సాయంత్రానికి కేకివ్వాలి పిన్నిగారూ, నా గతేం కాను?" అని ఆవిడ లబోదిబోమంటుంటే బాబాయి, "అంగట్లో కొని నేను తెచ్చిస్తానమ్మా, నీకెన్ని కావాలంటే అన్ని" అంటూనే ఆరు గుడ్లూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి గంపలోకి చేర్చాడు. ఒక్కటీ పగలలేదు.

మిగిలింది నర్సమ్మ. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకుందంటే ఇక ఇల్లు కూలినా లేవదు. తలుపు బాదాం, గంట మోగించాం, ఫోను చేశాం. ఫోను లోపల మోగుతూనే ఉంది. పిన్ని కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతోంది. బాబాయి ఒక్క క్షణం ఆలోచించి పడకగది కిటికీ దగ్గరికి వెళ్ళాడు. గొంతు పెంచకుండా, మామూలుగా అన్నాడు.

"అమ్మాయ్, నీ యూనిఫాం మీద అయొడిన్ మరక పోయేట్టు లేదమ్మా."

"అయ్యో! ఎల్లుండి తనిఖీ ఉంది బాబాయ్‌గారూ!" అని లోపల్నుంచి కేక. మరుక్షణం తలుపు తెరుచుకుంది.

కానీ ఆ మూడూ ఫ్రిజ్‌లో ఉన్నాయి. పిన్ని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. "చల్లబడిపోయాయి" అంది. గాలి తీసేసినట్టయింది ఆవిడ. తెచ్చిన బట్టల వేడి కూడా అప్పటికి ఆరిపోయింది. బాబాయి చొక్కా గుండీలు విప్పి, ఆ మూడు గుడ్లనూ బనీను లోపల పొట్టకు ఆనించుకుని, పైనుంచి రెండు చేతులతో పట్టుకుని ఇంటిదారి పట్టాడు. నిండుకుండ మోస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. వీధిలో అంతమంది చూస్తున్నారు గానీ ఒక్కరూ నవ్వలేదు. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

గుడ్లు గంపలో పేర్చాం. ఇక కూర్చోవాల్సింది నల్లపెట్ట. అది రాదు. దూరంగా నిలబడి మెడ తిప్పి తిప్పి చూస్తోంది. పిన్ని దగ్గరికి పిలిస్తే చేతి మీద పొడిచింది. చివరికి దానికే ఏమనిపించిందో, గంప అంచు ఎక్కి లోపలికి దిగి, ఒక్కో గుడ్డునూ ముక్కుతో కిందికి లాక్కుని కూర్చుంది. పిన్ని నేల మీద చతికిలబడిపోయింది.

సాయంత్రం డబ్బులు తిరిగి ఇవ్వబోతే ముగ్గురూ తీసుకోలేదు. "ముందు పిల్లలు బతికి బయటపడనీ, చూద్దాం" అన్నారు.

ఆ తర్వాత బాబాయి మాట్లాడటం మానేశాడు. చొక్కాలు వార్తల్లేకుండా ఇళ్ళకు వెళ్ళాయి. "ఒంట్లో బాగాలేదా ఆయనకి?" అని వీధిలోవాళ్ళు నన్ను అడిగారు. పిన్ని ముందుగది గుమ్మం దాకా వెళ్ళేది, మళ్ళీ వెనక్కి వచ్చేసేది. నిజం చెప్పాలంటే నాకు పిన్ని మీదే కోపం వచ్చింది. ఒక్క మాట ముందు చెప్పి ఉంటే ఆ మనిషి ఆ గుడ్లకు కాపలా కాసేవాడు. ఆ సంగతి పిన్నికీ తెలుసు.

మూడో రోజు పొద్దున కొట్లోంచి సన్నగా కిచకిచ వినిపించింది! ముగ్గురం గుమ్మంలో ఒకరినొకరు తోసుకుంటూ లోపలికి దూరాం. నల్లపెట్ట రెక్క కింద నుంచి తడి ఆరని తల ఒకటి బయటికి చూసింది. కాసేపటికి ఇంకోటి. మధ్యాహ్నానికి ఏడు, సాయంత్రానికి పది. రెండే రెండు రాలేదు. బాబాయి బనీనులో వచ్చినవి ఏవో, పొయ్యి మీద నుంచి వచ్చినవి ఏవో ఇప్పుడు ఆ దేవుడికే తెలియాలి. పిన్ని "పది! పది పిల్లలు!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. వీధి వీధంతా మా పెరట్లోకి వచ్చేసింది.

దర్జీ ముందు సరదాగానే మొదలుపెట్టాడు. "ఇందులో మూడు నావి. డబ్బులిచ్చాను, తిరిగి తీసుకోలేదు."

"అలాగైతే సగం నావే" అంది కేకులావిడ.

"నా ఫ్రిజ్‌లో పడుకుని వచ్చినవి నాకే కావాలి" అంది నర్సమ్మ. అందరూ నవ్వారు. నవ్వు తగ్గింది గానీ అడగడం ఆగలేదు. దర్జీ కళ్ళు అప్పుడే తన పెరట్లో గూడు కట్టేస్తున్నాయి. నాకు ఒళ్ళు మండింది. పన్నెండు గుడ్లూ అమ్మేశాడు బాబాయి. అంటే పది పిల్లల్లో మా పెరట్లో మిగిలేది ఒక్కటీ లేదు.

ఆ రోజు రోడ్డు మీద బండి ఆపేసిన ఆటో అతను మధ్యలోకి వచ్చాడు. "ఎందుకండీ ఈ గొడవ? కండక్టరమ్మ అమ్మితే అది అమ్మకం. ఈయనకేం తెలుసు, ఏదో తెలీక ఇచ్చేశాడు. అదీ ఒక బేరమేనా?"

"నిజమేలే, మరకల బాబాయి మాటేగా" అన్నాడు దర్జీ, చేతులు దులుపుకుంటూ. మిగతావాళ్ళు కూడా తలాడించారు. పిన్ని ఊఁ అంటే చాలు, పిల్లలన్నీ ఆవిడవే. అను పిన్నీ, అనేయ్ అని నాలో నేను మొత్తుకుంటున్నాను. గోడ పక్కన బాబాయి తన కాళ్ళ వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. పిన్ని ఆయన వైపు చూసింది.

"బేరమే" అంది.

దర్జీ దులుపుకుంటున్న చేతులు ఆగిపోయాయి.

"ఈ ఇంట్లో ఆయన అమ్మితే నేను అమ్మినట్టే. గుడ్లిచ్చాడు, డబ్బులు తీసుకున్నాడు. చెప్పకుండా దాచింది నేను, తప్పు నాది. పిల్లలు మీవే." ఈ మాటలన్నీ అనేటప్పుడు ఆవిడ గంప వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే అనలేకపోయేది, నాకు తెలుసు. తర్వాత బాబాయితో, "వీళ్ళను ఎప్పుడు రమ్మంటారో చెప్పండి. మీ బేరం కదా" అంది.

బాబాయి తలెత్తాడు. అందరి ముఖాలూ ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"తల్లిని వదిలి ఉండగలిగితే గానీ ఇవ్వం. అది ఎప్పుడో మా ఆవిణ్ణి అడిగి చెప్తాను" అన్నాడు. కాస్త ఆగి, "ఇచ్చేది మాత్రం నేనే" అన్నాడు.

దర్జీ ఆటో అతని వైపు చూశాడు. తర్వాత చేతులు కట్టుకుని, "అలాగేనండీ, మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడే వస్తాం" అన్నాడు.