గోడ దాకా

మా కాలేజీలో ఆవిడని పిల్లలందరూ గడ్డి మేడమ్ అంటారు. ముఖం మీద కాదులెండి, వెనకాల. చెప్పేది వృక్షశాస్త్రం. పూలూ పళ్ళూ ఆవిడ కంటికి ఆనవు. దారి పక్కన ఏదో కలుపు మొక్క కనిపిస్తే మాత్రం చేతిలో సంచీ కింద పెట్టి అక్కడే చతికిలబడుతుంది. చిన్న ఆడపిల్లల కాలేజీ మాది, స్టాఫ్ రూం ఒకటే. పదిహేనేళ్ళుగా ఆవిడ బల్లకి ఎదురుగా నా బల్ల. నేను లెక్కలు చెప్తాను, నాకు నోరెక్కువ. ఆవిడకి అసలు లేదు.

పుట్టుకతో లేకపోవడం కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, నీళ్ళు రాని ల్యాబులో పాఠం ఎలా చెప్పమంటారని అప్పటి ప్రిన్సిపాల్‌ని అందరి ముందూ నిలదీసిందట. ఆ తర్వాత ఏళ్ళ తరబడి టెంపరరీగానే ఉంచారు. వెనకొచ్చినవాళ్ళకి ఉద్యోగాలు ఖాయమవుతుంటే చూస్తూ కూర్చుంది. చివరికి ఆవిడకీ అయింది. ఉద్యోగంతో పాటు భయమూ పర్మినెంటయింది.

అప్పటినుంచి ఆవిడకో పద్ధతి పడింది. మీటింగులో ఎవరేమన్నా తల ఊపేది. గంగిరెద్దు అని కుర్ర లెక్చరర్లు నవ్వుకునేవారు. అందరూ వెళ్ళిపోయాక మాత్రం ప్రిన్సిపాల్ గది బయట కాచుకుని, ఒంటరిగా దొరికినప్పుడు లోపలికెళ్ళి మెల్లగా తన మాట చెప్పుకునేది. ల్యాబులో కుళాయి అలాగే వచ్చింది. మైక్రోస్కోపులూ అలాగే వచ్చాయి.

"పదిమందిలో కాదంటే వాళ్ళకి పంతం వస్తుందమ్మా. విడిగా అడిగితే ఎవరైనా మెత్తబడతారు," అనేది నాతో. నేను అరిచి గీపెట్టి సాధించింది సున్నా కాబట్టి ఎదురు చెప్పలేకపోయేదాన్ని.

ఆవిడ దగ్గర రీసెర్చి చేస్తున్నది ఒకే ఒక్క పిల్ల. పిల్ల అంటున్నానుగానీ ముప్పై దాటాయి, ఇంట్లో చిన్న కూతురుంది. అంతకుముందు ఇద్దరు మధ్యలో మానేశారు. రిటైరయ్యేలోగా ఈ పిల్లనైనా డాక్టర్ని చేసి పంపాలని మేడమ్ ఆశ. హాస్టల్ వెనక, ట్యాంకు పక్కనుంచి కాంపౌండు గోడ దాకా ఉన్న జాగాలో ఆ పిల్ల పుల్లలు పాతి, దారాలు కట్టి, గళ్ళు గళ్ళుగా చేసుకుంది. ఎవరూ చెయ్యి పెట్టకుండా వదిలేస్తే, మట్టిలో పడి ఉన్న గింజల్లో ఏ కలుపు ముందు లేస్తుంది, ఏది దేన్ని తొక్కేస్తుంది అన్నది ఆమె చదువు. వరసగా మూడు వర్షాకాలాలు చూడాలి. రెండు అయ్యాయి, మూడోది నడుస్తోంది. గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని మొలకలు లెక్కపెట్టేది.

"నా కోడలు కాలేజీలో గడ్డి పీకుతుందని మా అత్తగారు వీధంతా చెప్తారు. పీకను అత్తయ్యా, పీకకపోవడమే నా చదువు అంటే నమ్మరు," అని ఒకరోజు స్టాఫ్ రూమంతా నవ్వించింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువు ఈ ఏడాదితో సరి. ఇంట్లో ఇచ్చిన గడువూ అంతే.

అంతలో తనిఖీ కమిటీ వస్తోందని కబురొచ్చింది. వాళ్ళు వేసే మార్కుల మీదే కాలేజీ నడవడమో మూతపడటమో. ప్రిన్సిపాల్ గారు మీటింగు పెట్టారు. నాకు ఆ గంట క్లాసుంది, తర్వాత విన్నదే చెప్తున్నాను. వెనక జాగా అడవిలా ఉంది, గోడ దాకా శుభ్రం చేయించి పూలకుండీలు పెట్టిద్దాం, ఎవరికైనా అభ్యంతరమా అని అడిగారట. అందరూ తల ఊపారు. మా మేడమూ ఊపింది.

ఎప్పటిలాగే విడిగా చెబుదామనుకుంది. సాయంత్రం దాకా గది బయట నిలబడింది. ప్రిన్సిపాల్ గారు యూనివర్సిటీ పని మీద వెళ్ళి ఇక తిరిగి రాలేదు. రేపు బెల్లుకి ముందే వచ్చి పట్టుకుందామని మేడమ్ ఇంటికెళ్ళిపోయింది. ఫోన్ చెయ్యొచ్చుగా అని తర్వాత అడిగాను. "ఫోన్లో ఇలాంటివి బాగుండవమ్మా," అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

పనివాళ్ళు తెల్లవారుతూనే దిగారు. మేం వచ్చేసరికి నేల చాప పరిచినట్టుంది. పుల్లల్ని దారాలతో సహా ఒక మూల జాగ్రత్తగా పోగేశారు, ఎవరికైనా పనికొస్తాయేమోనని. ఆ పిల్ల వచ్చి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తన మొదటి గడి ఎక్కడుండేదో వెతుక్కుంటూ ఆ చదును మట్టిని చేత్తో తడుముతూ ఉండిపోయింది. మేడమ్ ట్యాంకు దగ్గరే ఆగిపోయింది. నాకూ దగ్గరికెళ్ళి లేపడానికి ధైర్యం చాలలేదు.

ఇక మిగిలిన దారి ఒకటే. ఇందులో అమ్మాయి తప్పేమీ లేదని గైడు చెబితే యూనివర్సిటీ ఇంకో వర్షాకాలం ఇవ్వొచ్చు. గైడు నోటి నుంచే రావాలి, నాలాంటివాళ్ళు ఎంత అరిచినా చెల్లదు. ప్రిన్సిపాల్ గారేమో తనిఖీ అయ్యేదాకా ఈ ఊసే ఎత్తొద్దన్నారు. ఉన్న ఒక్క పరిశోధననీ కాలేజీయే పీకించిందని తెలిస్తే మార్కులు గోవిందా. తనిఖీ అయ్యాక చూద్దామంటే గడువు దాటిపోతుంది. అయితే కమిటీకి పెద్దగా వస్తున్న ఆయనది వృక్షశాస్త్రమేననీ, గడువులు పెంచే బోర్డులో ఆయన కూడా ఉన్నాడనీ ఆ పిల్లే కనుక్కొచ్చింది.

"ఆయనతో ఒక్క మాట చెప్పండి మేడమ్. పొరపాటున పీకేశారు, అమ్మాయి తప్పు కాదు అనండి, చాలు," అంది.

"చెప్తానమ్మా. ఆయన విడిగా దొరగ్గానే చెప్తాను," అంది మేడమ్. మనస్ఫూర్తిగానే అంది. ఆ విడిగా అన్న మాటే నాకు నచ్చలేదు.

తనిఖీకి వచ్చిన మనిషి విడిగా ఎక్కడ దొరుకుతాడు? చేతులు కడుక్కోవడానికి వెళ్ళినా పక్కన ఇద్దరున్నారు. మేడమ్ పొద్దుటినుంచీ వరండాలో వాళ్ళ వెనకాలే తిరిగింది. చివరికి వాళ్ళే ల్యాబులోకి వచ్చారు. పెద్దాయన పక్కన ప్రిన్సిపాల్ గారు, వెనక సగం స్టాఫు, వాళ్ళలో నేను. ఆ పిల్ల మైక్రోస్కోపుల బల్ల దగ్గర నిలబడి ఉంది. పెద్దాయన మంచివాడిలాగే ఉన్నాడు. కలుపు మొక్కల మీద పని జరుగుతోందట కదా, ఎక్కడ, నాకు చూడాలనుంది అన్నాడు. ప్రిన్సిపాల్ గారు మేడమ్ వైపు చూశారు. ఆ పిల్లా చూసింది.

"అది అయిపోయింది సార్," అంది మేడమ్. "పని పూర్తయింది."

అంతమందిలో ఆవిడ నోరు విప్పడం నేను చూసింది అదే మొదలు. గొంతు స్పష్టంగానే ఉంది. పెద్దాయన సంతోషించాడు. మరి థీసిస్ ఎప్పుడిస్తున్నావమ్మా అని ఆ పిల్లని అడిగాడు.

"మా మేడమ్‌కే తెలుసు సార్," అంది ఆమె.

వాళ్ళు పూలకుండీలు చూడటానికి వెళ్ళారు. ల్యాబులో ముగ్గురం మిగిలాం. మేడమ్ ఆ పిల్ల దగ్గరికొచ్చింది. అందరూ ఉన్నారు కదమ్మా, సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో ఆయన ఒక్కరే ఉంటారు, నేను వెళ్ళి, అని ఏదో మొదలుపెట్టింది. సాయంత్రం వెళ్ళి ఏమని చెబుతుంది? పూర్తయిందన్న మాట పదిమందీ విన్నారు.

"పదిమందిలో మాట్లాడటం మీకు చేతకాదేమో అనుకున్నాను మేడమ్," అంది ఆ పిల్ల. కోపంగా కాదు, మామూలుగానే అంది. బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

కాలేజీకి మంచి మార్కులే వచ్చాయి. మేడమ్ ఇంకా నా ఎదురు బల్ల దగ్గరే కూర్చుంటుంది. ఇప్పుడు విడిగా కూడా ఎవరినీ ఏమీ అడగదు.