గాలి హాజరు

నాకు వచ్చిన కెమికల్ ఇంజనీరింగులో సగం మా ఊరి శాఖా గ్రంథాలయంలో కూర్చుని, మిగతా సగం కాకినాడ లైబ్రరీలో నిలబడి నేర్చుకున్నదే. అక్కడ కుర్చీలు దినపత్రికలు చదివేవాళ్లకే సరిపోయేవి. డిప్లొమాతో వంటనూనె ఫ్యాక్టరీ లాబులో చేరి, ఉద్యోగం చేస్తూనే ఇంజనీరింగు పరీక్షలు ప్రైవేటుగా కట్టి పాసయ్యాను. ఇంజనీరింగు కాలేజీ గుమ్మం తొక్కలేదు. ముప్పై రెండో ఏట ఎంట్రన్సు రాసి ఢిల్లీలో ఎం.టెక్. సీటు తెచ్చుకున్నాను. ఫ్యాక్టరీవాళ్లు రెండేళ్లు సెలవిచ్చారు. జూలై మొదటి తారీఖున తిరిగి చేరితే లాబు ఇన్‌చార్జి కుర్చీ నాది. ఒక్కరోజు ఆలస్యమైనా ఇంకొకరిది. కాగితం మీద అలాగే రాసిచ్చారు.

క్లాసులో నాకంటే పదేళ్లు చిన్నవాళ్ల మధ్య కూర్చున్నాను. వాళ్ల దగ్గర కోచింగ్ నోట్సు ఉండేవి, నా దగ్గర పేజీ నంబర్లు ఉండేవి. ఏదైనా సమీకరణం ఎక్కడిదని సారు అడిగితే, పుస్తకం పేరుతో పాటు ఎడమ పేజీయో కుడి పేజీయో కూడా చెప్పేదాన్ని. రెండో నెలకల్లా నా పేరు 'లైబ్రరీ దీదీ' అయింది. వెక్కిరింపుగానే మొదలుపెట్టారు. నాకు నచ్చింది, ఉంచేసుకున్నాను.

నా థీసిస్ నేను వదిలొచ్చిన ఫ్యాక్టరీ నుంచి పుట్టిందే. గింజల్లోంచి నూనె తీయడానికి పెట్రోలు జాతి ద్రావకం బదులు ఆల్కహాలు వాడితే, ఆ తర్వాత అందులో చేరిన నీటిని వేరుచేయడం ఎలా? అందుకోసం ఆల్కహాలు, నీళ్లు రకరకాల పాళ్లలో కలిపి, ఏ మిశ్రమం ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతుందో కొలవాలి. డిగ్రీలో పదో వంతు కూడా లెక్కలోకి వస్తుంది.

జనవరిలో పని మొదలుపెట్టే ముందు, ఫ్యాక్టరీలో అలవాటైన పద్ధతిలోనే థర్మామీటరును పరీక్షించాను. శుద్ధమైన నీళ్లు మరిగించి అందులో పెట్టాను. తొంభై తొమ్మిది పాయింట్ నాలుగు దగ్గర ఆగింది. నీళ్లు మరిగేది నూరు దగ్గర కదా! థర్మామీటరు తక్కువ చూపిస్తోందని తేల్చేసి, ప్రతి కొలతకీ పాయింట్ ఆరు కలిపాను. చూసిన అంకె పెన్సిలుతో, కలిపిన అంకె పెన్నుతో నోట్సులో పక్కపక్కన రాశాను. చూసినదాన్ని ఎప్పుడూ చెరపకూడదని ఎక్కడో చదివాను.

మే నెలలో కొన్ని కొలతలు మళ్లీ చేసి చూస్తే కలవలేదు. అదే ఫ్లాస్కు, అదే థర్మామీటరు, అవే పాళ్లు. దాదాపు అర డిగ్రీ తక్కువ. హీటరు మార్చాను, సీసాలు మళ్లీ కడిగాను, ఆల్కహాలు కొత్తది తెప్పించాను. అయినా అర డిగ్రీ.

మా గైడు నా గ్రాఫు రెండుసార్లు చూసి కళ్లజోడు తీశారు.

"నేను జనవరిని నమ్మాలా, మే నెలని నమ్మాలా?"

"కారణం కనుక్కుంటాను సర్."

"కనుక్కోండి. రివ్యూకి పదిరోజులుంది. మీరు కమిటీకి రెండు సమాధానాలు ఇస్తే, మూడోది వాళ్లే చెబుతారు. అన్నీ మళ్లీ చేయమని."

అన్నీ మళ్లీ అంటే ఇంకో సెమిస్టరు. ఇంకో సెమిస్టరు అంటే జూలై దాటిపోవడం.

నేను కంగారు పడలేదు, లైబ్రరీకి వెళ్లాను. నాలుగు రోజులు థర్మామీటర్ల మీద దొరికిందల్లా చదివాను. గాజు బల్బు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కుంచించుకుపోతుందని, అందువల్ల రీడింగు మారుతుందని ఒక పాత పుస్తకంలో దొరికింది. లేచి గంతెయ్యబోయాను. తర్వాతి పేరా చదివితే, ఆ మార్పు పైకే తప్ప కిందికి ఉండదట. నాది కిందికి దిగింది.

అప్పట్లో క్యాంపస్ పక్కన కటవారియా సరాయ్‌లో మూడో అంతస్తు గదిలో ఉండేదాన్ని. నాతో ఉండే అమ్మాయిది కరీంనగర్. సివిల్స్‌కి చదువుతోంది. పొద్దున్నే కూలరు ముందు అటూ ఇటూ తిరుగుతూ పైకి చదవడం ఆమె అలవాటు. ఐదో రోజు నేను టీ కాస్తుంటే జాగ్రఫీ నడుస్తోంది.

"మే, జూన్ మాసములలో వాయవ్య భారతదేశము మిక్కిలి వేడెక్కుటచే అల్పపీడనము ఏర్పడును... ఏర్పడును..."

"మళ్లీ చదువు," అన్నాను.

"ఏందక్కా, డిస్టర్బ్ అయితుందా?"

"లేదు, ఆ ముక్కే మళ్లీ చదువు."

"అల్పపీడనం అక్కా. ఎండలకు గాలి తేలికైతది, ఒత్తిడి తగ్గుతది. గందుకే వానగాలి ఇటు గుంజుకొస్తది."

"ఢిల్లీ సముద్రానికి ఎంత ఎత్తులో ఉంది?"

"రెండొందల మీటర్ల మీదనే ఉంటది. అవునక్కా, లైబ్రరీల అన్నీ చదివిన అంటవ్ గదా, ఎనిమిదో తరగతి సాంఘికం ఇడిసిపెట్టినవా?"

టీ పొంగి స్టవ్ మీద పడింది. తుడవలేదు.

ఎత్తుకి వెళ్లినా, ఎండలు ముదిరినా గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నీళ్లు నూరు కంటే తక్కువలోనే మరుగుతాయి. ఇది నాకు తెలియక కాదు. ఆ అధ్యాయం నాలుగుసార్లు చదివాను. అయితే అన్ని పుస్తకాల్లోనూ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరి ఏడువందల అరవై మిల్లీమీటర్లే. నేను పుట్టిందీ పనిచేసిందీ సముద్రం పక్కన. మా ఫ్యాక్టరీ థర్మామీటరుకి గీతలు డిగ్రీకొకటి, నీళ్లు పెడితే నూరు దగ్గరే ఆగినట్టు కనిపించేది. ఆ నూరుని మోసుకుని ఢిల్లీ వచ్చాను. థర్మామీటరు నిజమే చెప్పింది. దిద్దిందే తప్పు. ఆ తప్పు నాది.

లాబుకి పరుగెత్తాను. తలుపు పక్కన గాజు పెట్టెలో ఇత్తడి బారోమీటరు ఉంటుంది. మ్యూజియం వస్తువనుకుని రెండేళ్లుగా దాని ముందు నుంచే నడిచాను. ఏడువందల ముప్పై మూడు చూపిస్తోంది. కారణం దొరికింది. కానీ నా కొలతలు చాలావరకు జనవరి, ఫిబ్రవరిల్లో చేసినవి. ఈరోజు గాలి ఎంతో తెలుసు గానీ, జనవరి గాలిని ఎవర్నడగను?

మా లాబు టెక్నీషియన్ పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. సరిగ్గా పదింటికి వచ్చి, బారోమీటరు ముందు కళ్లు చికిలించి, మేకుకి తాడుతో వేలాడే రిజిస్టరులో ఏదో రాశారు. దాని అట్ట మీద హిందీలో 'హాజిరీ' అని అచ్చు వేసి ఉంటుంది. ఆయన రోజూ సంతకం పెడుతున్నారనే ఇన్నాళ్లూ అనుకున్నాను.

"అంకుల్, మీరు రాసేది హాజరు కాదా?"

"హాజరే బిటియా," అన్నారు ఆయన నవ్వుతూ. "మనుషుల హాజరు ఆఫీసులో. ఇది గాలి హాజరు. ఖాళీ రిజిస్టరు ఇదొక్కటే దొరికింది."

విప్పి చూశాను. తారీఖు, పక్కన ఒత్తిడి, అన్నీ హిందీ అంకెల్లో. పేజీలు వెనక్కి తిప్పితే ఏళ్లకేళ్లు. జనవరి పేజీల్లో ఏడువందల నలభై మూడు, నలభై నాలుగు, నలభై రెండు.

"ఇన్నేళ్లలో దీన్ని ఎవరైనా అడిగారా?"

"నువ్వే. లైబ్రరీ దీదీ కదా, ఎప్పటికైనా దీని వంతు వస్తుందనుకున్నాను. బాగానే ఆలస్యం చేశావు."

బస్సు బోర్డులు చూసి నేర్చుకున్న హిందీ అంకెలు ఆరోజు అక్కరకొచ్చాయి. పెన్నుతో రాసినవన్నీ ఒక్క గీతతో కొట్టేశాను. పెన్సిలు అంకెలకి ఆ రోజు గాలి ఒత్తిడి జోడించి లెక్కలన్నీ కొత్తగా కట్టాను. ఆదివారాలు ఆయన రారు. నేను వచ్చిన ఆదివారాలు రెండు, ఆ రోజుల్లో చేసినవి నాలుగు కొలతలు. అవి మాత్రం మళ్లీ చేశాను. ఆ పని మొదలుపెట్టిన ఐదోరోజుకి జనవరి చుక్కలు, మే చుక్కలు ఒకే గీత మీద కూర్చున్నాయి.

రివ్యూలో వాళ్లు అడగకముందే నా తప్పు చెప్పాను. కమిటీలో బయటినుంచి వచ్చిన సభ్యుడు పట్టికలో కొత్త వరస మీద వేలు పెట్టారు.

"ఈ ఒత్తిళ్లు ఎక్కడివి?"

రిజిస్టరు బల్ల మీద పెట్టాను. తాడు ఇంకా దానికే ఉంది. ఆయన నా థీసిస్ పక్కకి జరిపి, రిజిస్టరు చాలాసేపు తిరగేశారు.

"ఇది తలుపు పక్కనే ఉండేదా? మీరు రోజూ చూస్తూనే వెళ్లారా?"

"రోజూ, సర్. రెండేళ్లు."

అందరూ నవ్వారు, మా గైడు అందరికంటే గట్టిగా. మళ్లీ చేయమని ఎవరూ అనలేదు. జూన్ చివర్లో థీసిస్ ఇచ్చేసి రైలెక్కాను.

జూలై మొదటి తారీఖున ఫ్యాక్టరీలో చేరాను. స్టోర్‌లో మూలపడ్డ బారోమీటరు ఒకటుంటే తెప్పించి, లాబు తలుపు పక్కన గోడకి పెట్టించాను. ఏడువందల యాభై రెండు చూపించింది. సముద్రం పక్కన కూడా, వానాకాలంలో ఏడువందల అరవై లేదు. స్టోర్‌లోనే ఒక ఖాళీ హాజరు రిజిస్టరు అడిగి తీసుకుని, మొదటి పేజీలో తారీఖు వేసి ఆ అంకె రాశాను.

మా లాబు అసిస్టెంటు తొంగి చూసింది. "అదేంటండీ మేడంగారూ, హాజరు పుస్తకంలో మీ పేరు రాసుకోలేదేంటి?"

"నాది ఆఫీసులో వేసొచ్చాను," అన్నాను. "రేపట్నుంచి పదింటికి ఇది నువ్వు రాయాలి. ఇలా రా, ఎలా చూడాలో చెబుతాను."