జిమ్మీ అన్నం

దయ్యాలంటే నాకు ముందునుంచీ నవ్వే. బందరులో అందరూ భయపడే సందులో రెండేళ్ళు అద్దెకున్నాను, దోమలు తప్ప నన్నేవీ పీడించలేదు. ఇప్పుడు చెప్పేది కూడా దయ్యం కథ కాదు. నేను చేసిన సిగ్గుమాలిన పని ఒకటుంది, దాని పక్కనే నాకు అర్థం కానిది ఇంకొకటుంది. రెండూ కలిపే చెప్పాలి.

సుగుణ టీచర్‌గారి ఇంట్లో వెనక వాటా మాది. చిలకలపూడిలో ఒక రోల్డ్‌గోల్డ్ షాపులో పని చేస్తాను, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తాను. టీచర్‌గారి అమ్మని మేమంతా మామ్మగారనే పిలిచేవాళ్ళం. ఆవిడకి జిమ్మీ అని ఒక నల్ల కుక్క, పేరు లేని ఒక పిల్లి.

ఒంటిగంటకి మామ్మగారు వెనక వరండాలో పీట మీద కూర్చుని, జిమ్మీ పళ్ళెం మీద చెయ్యి చాపి ప్రార్థన చేసేవారు. "తండ్రీ, ఈ మెతుకులు దీవించు. ఇవి కూడా లేనివాళ్ళని మర్చిపోకు. ఆమెన్." ఆ చివరి మాట దాకా జిమ్మీ తల వంచుకుని కూర్చునేవాడు. పిల్లి మాత్రం అంతసేపు ఆగేది కాదు.

డిసెంబర్లో, గుమ్మానికి క్రిస్మస్ నక్షత్రం కట్టిన మర్నాడే మామ్మగారికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. విజయవాడ ఆసుపత్రికి తీసుకెళ్తూ టీచర్‌గారు తాళాలు నా చేతిలో పెట్టారు.

"అమ్మలాగే ప్రార్థన చేసి పెట్టు పద్మా. లేకపోతే వాడు ముట్టడు."

అలాగేనండీ అన్నాను. చెయ్యలేదు.

మాదీ ప్రార్థనల ఇల్లే. మా నాన్న ప్రార్థన మొదలుపెడితే పులుసు చల్లారి మీద నూనె తేలేది. నేను చర్చికి వెళ్ళడం మానేసి పదేళ్ళయింది. మనుషుల మధ్యే మానేసినదాన్ని, ఒక కుక్క ముందు చెయ్యి చాపి ఆ మాటలు అనాలంటే నామోషీ అనిపించింది. గోడ అవతల ఎవరైనా వింటే నవ్వుతారనుకున్నాను. ఆకలేస్తే వాడే తింటాడులే అని పళ్ళెం పెట్టి వచ్చేశాను.

పిల్లి తింది. జిమ్మీ తినలేదు.

రెండోరోజు చేపముక్కలు ఉడకేసి కలిపాను. వాసన చూసి, తల వంచుకుని, అలాగే కూర్చున్నాడు. అప్పుడైనా నాలుగు మాటలు అంటే నా సొమ్మేం పోయింది? నాకు పౌరుషం వచ్చింది, కుక్కతో. సాయంత్రం ఆ అన్నమంతా ఎవరూ చూడకుండా కాలవలో పారబోశాను. మూడోరోజూ అంతే. నీళ్ళు తాగి గోనెపట్టా మీద ముడుచుకునేవాడు. ఆ చలికి వాడి డొక్కలు వణుకుతూ కనపడేవి.

టీచర్‌గారు రోజూ సాయంత్రం ఫోన్ చేసి వాడు తింటున్నాడా అని అడిగేవారు. శుభ్రంగా తింటున్నాడండీ అనేదాన్ని.

నాలుగోరోజు గురువారం. మంచు విడిచి ఎండ బాగా కాసింది. పళ్ళెం పెట్టి గుమ్మంలో నిలబడ్డాను. లేవలేక పడుకున్న జిమ్మీ చెవులు నిక్కించాడు. లేచి వచ్చి, మామ్మగారి పీటకి ఎదురుగా కూర్చుని తల వంచాడు. నాకు ఏ మాటా వినపడలేదు. ఎవరూ కనపడలేదు. పీట మీద కూర్చున్న పిల్లి ఎందుకో దిగి పక్కకి వెళ్ళింది. ఆ ప్రార్థనకి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు, అంతసేపూ వాడు కదల్లేదు. తర్వాత తోక ఒకసారి నేలకి కొట్టి తినడం మొదలుపెట్టాడు.

వాడు సగం తినేసరికి ఫోన్ మోగింది. ఒంటిగంటా ఎనిమిది నిమిషాలు, ఆ కాల్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

టీచర్‌గారు ఏడుస్తున్నారు. మామ్మగారు ఇప్పుడే కళ్ళు తెరిచి, చెయ్యి మంచం బయటికి చాపి, ప్రార్థన మొత్తం స్పష్టంగా చెప్పారట. పక్కనున్న నర్సు కూడా విందట. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నారట.

"'వాడు తిని మూడు రోజులైందే' అంది పద్మా. పాపం, అమ్మకి మతి కుదురుగా లేదు. నువ్వు పెడుతున్నావుగా?"

కళ్ళెదురుగా వాడు పళ్ళెం నాకుతున్నాడు.

"పెడుతున్నానండీ," అన్నాను.

మామ్మగారు మళ్ళీ మాట్లాడలేదు. ఆదివారం తెల్లవారుజామున పోయారు. జ్ఞాపకార్థ కూడికలో టీచర్‌గారు అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టి, అమ్మ లేని లోటు తెలియకుండా జిమ్మీని చూసుకుందని చెప్పారు. జనం నావైపు ప్రేమగా చూశారు. నేను కార్పెట్ వైపు చూశాను.

కుక్కకి ఆ వేళకి అన్నం అలవాటు, అందుకే లేచి తిందని నాకు నేను చెప్పి చూసుకున్నాను. మరి ముందు మూడు రోజులూ అదే వేళకి పెడితే ఎందుకు తినలేదు? విజయవాడలో మంచం మీదున్న మనిషికి రోజుల లెక్క ఎలా తెలిసింది? నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇప్పుడు జిమ్మీకి మధ్యాహ్నం నేనే పెడుతున్నాను, ప్రార్థన చేసే. ఆమెన్ అన్నాక కూడా వాడు ఒకసారి పీట వైపు చూసి, అప్పుడు తింటాడు.

సుగుణ టీచర్‌గారు ఇది చదువుతారు. ఎదురుగా చెప్పే ధైర్యం లేక రాశాను.