రేడియేటర్‌లో పసుపు

నల్లమలకు పోదామని మా ఆయన నిన్న ఫోర్‌వీల్ బండి సర్దుతుంటే, నేను పసుపు పొట్లం తెచ్చి టూల్‌బాక్సులో పెట్టాను. "గిదెందుకే? బండికి బొట్టు పెడ్తవా?" అని నవ్వాడు.

మన ఈడు వాళ్లకు గుర్తున్నాయా, ముందర తడి నీళ్లసంచి వేలాడే పాత జీపులు? నాన్నకు ఒకటి ఉండేది. అడవికి బయలుదేరితే తాడు, స్టెప్నీ నాన్న చూసుకునేవాడు. పసుపు మాత్రం అమ్మ పెట్టేది.

ఒకసారి అడవిలోని చెంచుపెంట అనే చిన్న గూడెం నుంచి, నొప్పులు పడుతున్న ఈదమ్మను అమ్మా, నాన్నా, నేనూ లింగాల దవాఖానకు తెస్తున్నాం. నడిదారిలో రేడియేటర్ కారి జీపు ఆగింది. వెనక సీట్లో ఈదమ్మ పళ్లు బిగబట్టి, "అన్నా, ముందుగాల నీ బండికి కాన్పు చేస్తవా, నాకా?" అంది.

ఇంజను చల్లారాక నాన్న నీళ్లతో పాటు అమ్మ ఇచ్చిన పసుపంతా రేడియేటర్‌లో పోశాడు. నేను కింద కూర్చొని చూస్తున్నాను. కారే చుక్కలు పసుపురంగుకు తిరిగి, మెల్లగా సన్నబడి, ఆగిపోయాయి. నా మోకాలి గాయానికి అమ్మ అద్దే పసుపు ఇనుముకూ మందే!

దవాఖాన చేరిన కాసేపటికే లోపలి నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. నాన్న పసుపంటిన చేతులతోనే జీపుకు దండం పెట్టాడు.

"బండికేంది, నా పోపుడబ్బకు పెట్టు," అంది అమ్మ.