గట్టు మీద పారబోసిన చేపపిల్లలు

ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువ కట్టేస్తారు. విజయవాడ గుణదలలో మా అద్దెయింటి వెనక నీళ్లు ఇంకిపోయి, బురదలో చిక్కిన చేపపిల్లలు కుళ్లుతుంటే ఇరుగుపొరుగు కిటికీలు మూసుకుంటారు. కిటికీ మూస్తే ఆగే వాసనైతే బాగుండేది. అది తగలగానే మా అత్త నాంచారమ్మ గుర్తొస్తుంది. ఆ పూట అన్నం సయించదు.

మా అత్తవారి ఊరు కృష్ణ సముద్రంలో కలిసే చోట, మడ అడవి పక్కన. ఇంటికి ఒక పడవ. మావగారు పోయాక పెత్తనమంతా అత్తదే. వేటకు వెళ్లేది మా ఆయన, ఏ వల ఎక్కించాలో చెప్పేది ఆవిడ. పిల్లచేపలు కూడా చిక్కే సన్నకన్ను వలని పడవ ఎక్కనిచ్చేది కాదు. తొంభైల్లో రొయ్యల చెరువులు పుట్టగొడుగుల్లా లేచాక, వాటిలో వేయడానికి టైగర్ రొయ్యపిల్లలు కావాలంటూ ఏజెంట్లు వచ్చారు. ఆడవాళ్లమంతా నడుంలోతు పాయలో దోమతెర వలలు లాగి, పడింది తెల్ల పళ్లెంలో పోసి, వెంట్రుకంత రొయ్యపిల్లల్ని ఆలిచిప్పతో ఏరేవాళ్లం. ఒక్క రొయ్యపిల్ల వెంట గుప్పెడు చేపపిల్లలు పడేవి. వాటిని గట్టు మీద పారబోసి మళ్లీ వల లాగడమే. ఏరడంలో నా అంత చురుకు ఊళ్లో ఎవరూ లేరన్నారు. ఆ పేరుకి మురిసిపోయాను.

అత్త మాత్రం నా వెనకే తిరిగి, నేను పారబోసినవి బురదతో సహా దోసిట ఎత్తి నీళ్లలో వదిలేది. నాంచారమ్మ సముద్రానికి పురుళ్లు పోస్తోందని ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

"నీళ్లు నాలుగడుగుల దూరమేగా, అక్కడ పొయ్యవే," అంది ఒకరోజు.

"ఈలోపు ఇంకోసారి వల లాగొచ్చు కదత్తా. ఇవి పోతే సముద్రానికేం లోటు?"

"దానికేం లోటుండదు. లోటు మనకే. రేపు నీ మొగుడి వల్లో పడాల్సినవి ఇవే."

చాదస్తం అనుకున్నాను.

కొన్నేళ్లకి మా ఆయన ఇంట్లో కూరకి మాత్రమే సరిపడా చేపలతో తిరిగొచ్చేవాడు. తర్వాత అవీ లేవు. పడవ ఒడ్డున బోర్లించాం. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఉదయం అత్త ఎవరికీ చెప్పకుండా నా దోమతెర వల తీసుకుని పాయలో దిగింది. భయపడి వెనకే పరిగెత్తాను. చాలాసేపు లాగి, పళ్లెంలో పోసి, కళ్లు చికిలించుకుని చూసింది. రొయ్యపిల్ల ఒక్కటీ లేదు. చేపపిల్లలు నాలుగైదున్నాయి. పళ్లెం గట్టు మీద బోర్లించి మళ్లీ వల అందుకుంది.

"నీళ్లలో వదులుదాం అత్తా," అన్నాను.

"ఎవరి కోసమే?" అంది, నా వైపు చూడకుండా.

తిట్టినా బాగుండేది. నేనే వంగి వాటిని ఏరి నీళ్లలో వదిలాను. రెండు అప్పుడే వెల్లకిలా తేలాయి.

ఆ ఏడే పడవ అమ్మేసి విజయవాడ వచ్చేశాం. అత్త ఇక్కడే పోయింది. బతికినన్నాళ్లూ పాయ ఊసెత్తలేదు. ఏజెంట్లనీ చెరువులవాళ్లనీ తిట్టుకోవడం తేలికే, తిట్టుకున్నాను కూడా. కాని ఆవిడ చెప్పింది నేను నేర్చుకునేసరికి, నేను చేసింది ఆవిడ నేర్చుకుంది.