టమోటా రేటు చదివే గొంతు

రేడియో స్టేషనుకు వచ్చే దారిలో ఈ పొద్దు ఎవరో టమోటాలు రోడ్డు పక్కన పారబోసి పోయినారు. ఎండకు ఉడికి పులిసిన ఆ వాసనకు కర్ణాటకలో, బట్లహళ్ళిలో ఉండే మా ఇల్లు గుర్తొచ్చింది.

అప్పుడు నాది మూడో తరగతి. సాయంకాలం రేడియోలో ఒకామె కన్నడంలో మార్కెట్టు రేట్లు చదివేది. మా అప్ప రేడియోను చెవికి ఆనించుకోని, "ఇంకొంచెం చెప్పమ్మా" అని తెలుగులో గొణుగుతా ఉండేవాడు. ఆమె ఎంత చెప్తే అంతే రేటు అని నేను నమ్మినాను. ఆమె మనసు ఎందుకు కరగలేదో కూడా నేనే కనిపెట్టినాను.

"అప్పా, ఆ యమ్మకు తెలుగు రాదు. నేను అడుగుతా, ఉండు" అని, రేడియో ముందర చేతులు కట్టుకోని నిలబడి, అదే మాట కన్నడంలో అడిగినాను: "అక్కా, స్వల్ప జాస్తి హేళి."

అప్ప నవ్వలేదు. "అడుగు పాపా, నువ్వన్నా అడుగు" అన్నాడు. ఆ రేటుకు కోత కూలి కూడా రాదని, మరుసటి దినం కాయ కోయకుండానే తోటలోకి ఆవులను తోలేసినాడు. పెద్దయినాక ఆమె కుర్చీలో నేనే కూర్చోని పెద్ద రేటు చెప్పేస్తానని ఆ పొద్దే అనుకున్నాను.

కూర్చున్నాను. ఈ సాయంకాలం కూడా చేతికిచ్చిన కాగితంలో ఉండే రేటే చదివినాను. అప్ప ఇప్పటికీ టమోటానే పెడతాడు, ఇప్పటికీ రేడియో వింటాడు. ఎవరో తెలియని ఆ యమ్మను అంతగా బతిమాలుకున్న మనిషి, నన్ను మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు.