రోలు మీద ఫీల్డ్ ట్రిప్

ఆ లాక్‌డౌన్ రోజుల గురించి రాస్తే ఇతిహాసమే అవుతుంది. గోదావరి దాటి, ఆదిలాబాద్ గుట్టలెక్కి, లావా చల్లారి రాయైన కాలం దాకా వెళ్లే మహాయాత్ర ఇది. అంటే, వెళ్లాల్సిన యాత్ర. నిజానికి మా పెరట్లో మొదలై, అక్కడే రోలు దగ్గర ముగిసింది.

అప్పుడు నేను కరీంనగర్‌లో డిగ్రీ ఆఖరి సంవత్సరం, భూగర్భశాస్త్రం. చేరినప్పటి నుంచి ఊరించిన ఆదిలాబాద్ ఫీల్డ్ ట్రిప్ చివరికి ఫోన్‌లోకి వచ్చింది. వేలితో జరిపితే గుట్ట చుట్టూ తిరగొచ్చని రాళ్ల సారు (మేం పెట్టిన పేరే) లింకు పంపారు. సుల్తానాబాద్ పక్కన మా ఊళ్లో సిగ్నల్ నిజాయితీ గలది, మోయగలిగినంతే మోస్తుంది. "గుట్ట సగమే వచ్చిందేందిరా?" అన్నాడు బాపు, అంటే మా నాన్న. "తక్కింది తొవ్వల ఉన్నదే" అన్నాను.

అంతవరకు బాగానే ఉంది. తర్వాత సారు మెలిక పెట్టారు. ఎవరి ఊరి రాయిని వాళ్లు వీడియోకాల్‌లో సుత్తెతో పగలగొట్టి, లోపలి తాజా ముఖం చూపించి, పేరు చెప్పాలట. చెప్పకపోతే ప్రాక్టికల్ పోయినట్టే, దాంతోపాటు డిగ్రీ కూడా. మాదేమో వరి నేల, ఎటు చూసినా బురద. గుట్టకు పోదామంటే ఊరి పొలిమేరలో ముళ్లకంప వేశారు. ఇంట్లో రాయి అనదగ్గది అవ్వ (మా అమ్మ) రోలు ఒక్కటే. అది ఆమె తల్లిగారింటి నుంచి ఎడ్లబండి మీద వచ్చింది. ఇంట్లో బాపు కంటే దానికే గౌరవం ఎక్కువ.

అవ్వ మధ్యాహ్నం కునుకు తీసే వేళ గోడవైపు అంచున చిన్న పెచ్చు లేపాలని పథకం. ఫోన్ పట్టుకోవాల్సింది బాపు. "మీ అవ్వకు తెలిస్తె నేను ఊళ్లె లేనని చెప్పు" అనే షరతు మీద ఒప్పుకున్నాడు (ముళ్లకంప సంగతి మరిచాడు).

కాల్ కలిసింది. "ఆఁ, కనవడుతున్నది" అన్నారు సారు. "జర మసక గానీ, రెండు పెద్ద రంధ్రాలున్నయి. లావా రాయి లెక్కనే ఉన్నది. మీ ఊళ్లె ఇదెట్ల దొరికిందిరా?"

మా రోలుకు గుంత ఒక్కటే. సరే, పగిలితే తేలుతుందని సుత్తె లేపాను.

"ఎవల్రా నా రోలు మీద సుత్తె లేపింది?"

అవ్వ. బాపు మొహం గోడకు తిప్పుకున్నాడు గానీ, ఊళ్లోనే ఉన్నాడు.

సారు ఫోన్లోంచే రాయబారం నడిపారు. "అమ్మా, ఒక్క పెచ్చు చాలు. పిల్లగాని మార్కుల ముచ్చట."

"మీ ఇంట్ల రోలుంటే గది పలగ్గొట్టుకోండ్రి సారూ."

అని ఊరుకోలేదు. రోలును కాపాడుకోవడానికి దాని ముందే పీట వేసుకుని, చెంబెడు నీళ్లు కుమ్మరించి, మిరపకాయలు దంచడానికి కూర్చుంది. తడిసిన అంచు మీద గులాబీ పలుకులు, గాజులాంటి క్వార్ట్జ్, నల్లటి అభ్రకం తళుక్కుమన్నాయి. బాపు చేతిలోంచి ఫోన్ లాక్కుని, కంగారులో తెరను రోలు వైపు తిప్పి, ఒక్కో ఖనిజం పేరూ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

"గ్రానైటు. కరెక్టే, పాస్" అన్నారు సారు. "మరి ఇందాకటి రంధ్రాలేంది?"

నాకప్పుడు వెలిగింది. ఇంతసేపూ ముందు కెమెరా ఆన్‌లో ఉంది.

"గవి నా ముక్కువి సార్" అన్నాడు బాపు వినయంగా.

సారు కాల్ కట్ చేశారు. ఈసారి తప్పు సిగ్నల్‌ది కాదు.

ఇప్పుడు నేనూ ఆన్‌లైన్‌లో రాళ్ల పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లాడు రాయి చూపించినా ముందు ఏ కెమెరా అని అడుగుతాను. అడుగుతుంటే, బాపు ముక్కు పుటాల్లో లావా వెతికిన ఆ మధ్యాహ్నం గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఆ రోజు సుత్తె పట్టుకుని నిలబడ్డ పిల్లాడి మీద కొంచెం ముద్దు కూడా వస్తుంది. రోలు చెక్కుచెదరకుండా పెరట్లోనే ఉంది. అవ్వ పచ్చడి మాత్రం మిక్సీలో చేస్తుంది. మొన్ననే జార్ మూతకు రబ్బరు మార్పించాం.